రావద్దని చెప్పిన ఫోను

హోటల్‌లో పనిచేసేవాళ్ల నోట్లో ఒక మాట పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తిరుగుతూనే ఉంటుంది: "మళ్లీ రండి." రావాలని ఉన్నవాళ్లతోనూ అంటాం, రాకుంటే బాగుండుననుకునే వాళ్లతోనూ అంటాం. గోడల నిండా పాన్ ఉమ్మేసి పోయిన పెద్దమనిషికి కూడా నేను చేతులు జోడించి ఆ మాట చెప్పాను. ఆయన మెట్లు దిగాక ఏమన్నానో ఇక్కడ రాయను.

ఆ మాట చెప్పకూడని మనుషులు కూడా ఉంటారు. వాళ్లకు అది చెప్పడం వల్ల ఏమైందో, దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఒక ఆడపిల్ల ఏం పోగొట్టుకుందో నా కళ్లతో చూశాను.

మా హోటల్ జహీరాబాద్ దాటి చిరాగ్‌పల్లి వైపు పోతుంటే బొంబాయి రోడ్డు పక్కన ఉంటుంది. కింద భోజనాలు, పైన గదులు, వెనక వైపు నేలమీద ఇంకో నాలుగు గదులు. గదులు ఊడ్చి సర్దే ఆడవాళ్లకు నేను పెద్దను. రేకుల షెడ్డుగా ఉన్నప్పుడు చీపురు పట్టుకుని వచ్చినదాన్ని, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. యాభైకి దగ్గర పడ్డాక సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందు ఏ తాళంచెవి ఏ గదిదో దానికి కట్టిన దారం రంగును బట్టి గుర్తుపట్టేదాన్ని. దారం మాసిపోతే గది మారిపోయేది. ఒకసారి కొత్త పెళ్లికొడుకు గదిలోకి అల్లం వ్యాపారిని పంపించాను. అక్షరాలు రావడం ఎంత మంచిదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కొత్త మేనేజరు కోస్తా మనిషి. హైదరాబాద్‌లో పెద్ద హోటల్‌లో చేసి వచ్చాడు. మనిషి మంచివాడే, గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు. వచ్చిన కొత్తలో ఒకరోజు టిఫిన్ల వేళ అయిపోయాక అందరినీ భోజనాల హాల్లో కూర్చోబెట్టాడు. కంప్యూటర్‌లో ఇకనుంచి ప్రతి గెస్టు గురించీ ఉంటుందన్నాడు. ఫోన్ నంబరు, పుట్టినరోజు, ఏం తింటారు, ఏ వైపు గది ఇష్టం, ఏం పనిమీద వచ్చారు, అన్నీ.

"గెస్టుతో మన బంధం గది ఖాళీ చేయగానే తెగిపోకూడదు. వాళ్లు ఇంటికి వెళ్లాక కూడా మనం గుర్తుండాలి" అన్నాడు.

వంటాయన చెయ్యెత్తాడు. "అట్లయితే జర కారం ఎక్కువెయ్యాల్నా సార్? ఇంటికి పోయినంక గూడ యాదికుంటం."

అందరం నవ్వాం. మేనేజరూ నవ్వాడు. ఆ తర్వాత కౌంటర్ దగ్గరి పిల్లను లేపి, గది ఖాళీ చేసిన కొన్నాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఎలా మాట్లాడాలో చూపించాడు.

ఆ పిల్లది ఝరాసంగం దగ్గర పల్లె. డిగ్రీ అయింది. మా హోటల్ కౌంటర్‌లో కూర్చున్న మొదటి ఆడపిల్ల. వాళ్లన్న ఒప్పుకోవడానికి పిల్ల ఆరు నెలలు ఇంట్లో అన్నం సరిగా తినలేదట. చివరికి అన్న తెచ్చి దింపుతూ మా అందరి ముందే చెప్పాడు. "చూడు. నౌకరీల ఒక్క మాటొచ్చిందంటే మల్ల గడప దాటేది లేదు. ఇంట్ల పని మస్తుంది." పిల్ల తల ఊపి కౌంటర్ వెనక్కి పోయి కూర్చుంది. ఆ కుర్చీ అంటే ఆమెకు ఎంత ఇష్టమో మేం రోజూ చూసేవాళ్లం. పొద్దున రాగానే చున్నీ కొంగుతో దాని చేతులు తుడిచి గానీ కూర్చునేది కాదు.

గొంతు బాగుండేది. మా మాట, కోస్తా మాట, ఉర్దూ, కాస్త కన్నడం, ఎవరి మాట వాళ్లతో మాట్లాడేది. బీదర్ నుంచి వచ్చే వ్యాపారులు మెట్లెక్కుతూనే "అమ్మాయి ఉన్నదా?" అని అడిగేవారు. ఒకాయనకు మెత్తటి దిండు పడదని కంప్యూటర్‌లో రాసి పెట్టింది. ఆయన మళ్లీ వచ్చేసరికి మంచం మీద గట్టి దిండు ఉంది. "మా ఇంట్ల ఇరవై ఏండ్ల నుంచి చెప్తున్నా, మా ఆమెకు యాదికుండది, నీ హోటల్‌కు ఉన్నది" అని మా యజమాని సేటుతో చెప్పి మురిసిపోయాడు. కంప్యూటర్ వల్ల అంతా చెడిపోయిందని అనే రకం కాదు నేను. దిండు సంగతి నాకూ గుర్తుండేది కాదు.

మా సేటుది న్యాల్‌కల్ వైపు పెద్ద భూముల ఇల్లు. రోజూ పొద్దున వచ్చి గల్లా పైన ఉన్న లక్ష్మీదేవి పటానికి ఊదుబత్తి వెలిగించి, మొదటి గిరాకి వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడడు.

ఇక ఆ కుటుంబం సంగతి.

ఒక పొద్దున నేను వచ్చేసరికి కౌంటర్ గుమాస్తా, ముసలాయన, నన్ను పక్కకు పిలిచి వెనక గది తాళం చేతిలో పెట్టాడు. నోటితో ఏమీ చెప్పలేదు, కళ్లతోనే దవాఖాన వైపు చూపించాడు. నాకు అర్థమైంది. రోడ్డు పక్క హోటల్ కదా, ఇలాంటివాళ్లు వస్తుంటారు. రోడ్డు మీద ఎవరో పోతారు, సర్కారు దవాఖానలో పోస్టుమార్టం అయ్యేదాకా ఇంటివాళ్లు ఎక్కడో ఒకచోట కూర్చోవాలి.

తండ్రి, తల్లి, అల్లుడు. గుంటూరు వైపువాళ్లు. కొడుకు ఇక్కడ ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఊళ్లో దోస్తులతో గది తీసుకుని ఉండేవాడట. బండి మీద వస్తుంటే లారీ తగిలింది. పెళ్లి కూడా కాలేదు.

ఇలాంటివాళ్లకు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరు పెట్టారో తెలియదు, నేను వచ్చేసరికే ఉంది. వెనక వైపు నేలమీది గది ఇస్తాం, మెట్లు ఎక్కించం. అద్దం మీద తువ్వాలు వేస్తాం. టీ అడక్కుండానే తెచ్చి పెడతాం, తాగమని బతిమాలం. ఎక్కడినుంచి వచ్చారు, ఎన్ని రోజులుంటారు అని అడగం. పోయేటప్పుడు వాళ్లు వెళ్లొస్తామని చెప్పరు, మేం మళ్లీ రండి అనం. కౌంటర్‌లో ఉన్నవాళ్లు ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగి నిలబడతారు. వాళ్లు పోయాక గది పసుపునీళ్లతో కడిగి, పరుపు ఎండలో వేస్తాం. ఆ తర్వాత వాళ్ల ఊసు హోటల్‌లో ఎత్తం. వంటింట్లో కూడా.

ఆ తల్లి మంచం మీద కూర్చోలేదు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. నేను నీళ్లు తెచ్చి పక్కన కూర్చున్నాను. ఆమె అడిగింది.

"ఈ లారీలన్నీ ఇట్టానే పోతుంటాయా అమ్మా, రోజూ?"

"పోతయమ్మా."

"మావాడు ఫోన్లో మాట్లాడుతుంటే ఎనకమాల ఈ మోతే వినపడేది. నేను ఇసుక్కునే దాన్ని, కాస్త పక్కకెళ్లి మాట్లాడరా అని."

మధ్యాహ్నం దాటాక అంబులెన్సు వచ్చింది. తండ్రి నాకు చేతులు జోడించబోయి, మధ్యలోనే దించేసుకున్నాడు. కారు ఎక్కి వెనక్కి చూడకుండా పోయారు. ఆ తల్లి మాత్రం పోయేముందు నా ఫోన్ నంబరు అల్లుడి ఫోన్లో ఎక్కించుకుంది, ఎందుకో నేను అడగలేదు.

ఆ రోజు పిల్లకు సెలవు. మరునాడు వచ్చింది. గది కడిగేసి ఉంది, పరుపు లోపలికి వచ్చేసింది. ఎవరూ ఆమెకు ఏమీ చెప్పలేదు, చెప్పకూడదు కాబట్టి. గుమాస్తా ముందురోజే ఆ తండ్రి నంబరు కంప్యూటర్‌లో ఎక్కించాడు, అది లేకుండా కంప్యూటర్ గది ఇవ్వదు కాబట్టి. ఏం పనిమీద వచ్చారు అన్నచోట వ్యాపారం, యాత్ర, పెళ్లి, విహారం అని ఉన్నాయట. చివర "ఇతరాలు" అని ఉంటే దాన్ని నొక్కాడు.

కొన్నాళ్లకు ఒక పొద్దున పిల్ల చెవులకు ఫోన్ తగిలించుకుని ఒక్కొక్కరికీ చేసుకుంటూ పోతోంది. ఎవరికి చేయాలో కంప్యూటరే చూపిస్తుంది. నేను మెట్ల దగ్గర దుప్పట్లు లెక్కపెట్టుకుంటున్నాను. ఆమె మాటలు ఎప్పటిలా వినిపిస్తున్నాయి. "నమస్తే సార్, మా హోటల్‌లో మీకు ఎట్లా అనిపించింది? మీరు మా ఇంటి మనిషి సార్. మళ్లీ ఎప్పుడు వస్తారు? మీకోసం ఎదురుచూస్తుంటాం."

చాయ్ వేళకు నా దగ్గరికి వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"అవ్వా, ఈ ఆంధ్రోళ్లకు ఎంత మర్యాదవ్వా! ఇయ్యాల ఒక పెద్దాయన, ఎనకాల ఏందో మంత్రాలు సదువుతున్నరు, పూజల ఉన్నట్టుంది. అయినా ఫోన్ ఎత్తిండు. అలాగేనమ్మా, వస్తాం అన్నడు. మనోళ్లయితే 'దిమాక్ ఉన్నదా' అంటుండె."

"ఏ గది?"

"ఎనక గది. కిందిది."

నా చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. ఆమె నా ముఖం చూసింది. చెప్పక తప్పలేదు. ఎవరు, ఎందుకు వచ్చారు, ఆ మంత్రాలు ఏ పూజవి, అన్నీ చెప్పాను. దినవారాలు అయ్యే రోజులే అవి. పిల్ల గాజుగ్లాసు కింద పెట్టింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నాకెవ్వరు చెప్పకపోతిరి గదవ్వా."

"ఇసొంటివి చెప్పరు బిడ్డా."

"చెప్పకుంటే నాకెట్ల ఎరుక?"

మా పద్ధతి వాళ్ల దుఃఖానికి మర్యాద అనుకున్నాం. కంప్యూటర్ వచ్చాక ఆ మౌనం ఎక్కడికి దారి తీస్తుందో మాలో ఎవరమూ ఆలోచించలేదు.

మరునాడు పొద్దున ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి సేటుకు ఫోన్ వచ్చింది. అల్లుడు వాళ్లకు చెప్పుకున్నాడట. మా పై గదులు సగం ఫ్యాక్టరీకి వచ్చే ఇంజనీర్లతోనే నిండుతాయి. సేటు పొలం నుంచి అలాగే, బురద చెప్పులతో వచ్చేశాడు. నన్ను, మేనేజరును, పిల్లను కౌంటర్ వెనక ఆఫీసులోకి పిలిచాడు.

మేనేజరు ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. "గెస్టు నొచ్చుకుంటే మనకో పద్ధతి ఉంది సార్. క్షమాపణ చెప్పి, ఈసారి వచ్చినప్పుడు రెండు రోజులు ఉచితంగా గది ఇస్తామని కూపన్ పంపిస్తాం..."

"కొడుకు సచ్చిన ఊర్ల ఫుకట్ల పండుకోమంటవా సార్?" అన్నాను.

మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. సేటు నావైపు తిరిగాడు.

"ఆ తల్లి తాన నువ్వే కూసున్నవట. నువ్వే మాట్లాడు అవ్వా. ఏం గావాల్నో అడుగు."

అడగకముందే ఆమే చేసింది. మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. ఆ గొంతు వెంటనే గుర్తుపట్టాను.

"నీళ్లిచ్చినావిడేనా? నేనమ్మా. ఆ అబ్బాయి తల్లిని."

"చెప్పమ్మా. ఆ పిల్లకు ఎరుక లేదమ్మా, తెల్వక చేసింది..."

"ఆ పిల్లనేం అనట్లేదమ్మా. మా అల్లుడు తొందరపడి ఫ్యాక్టరీవోళ్లకి చెప్పాడు. అది కాదు నా బాధ. ఆయన పిండాల ముందు కూర్చుని ఉన్నాడు. ఫోన్ మోగితే ఎవరో అనుకుని ఎత్తాడు. ఆ పిల్ల అంత మర్యాదగా రమ్మంటే, ఈయన అలవాటు కొద్దీ వస్తామనేశాడు. ఆ చోటికి. ఆ సమయంలో. అక్కడున్నోళ్లంతా విన్నారమ్మా. మా ఆడపడుచు ఏడుపు అందుకుంది. అప్పట్నుంచి ఆయన గొంతులో ముద్ద దిగట్లేదు. అల్లుడు బండి తీస్తే గుమ్మంలో అడ్డం నిలబడుతున్నాడు. ఇంట్లో ఇంకొకరి చావును నేనే పిలిచా, వస్తామని నేనే అన్నా అంటాడు."

"మాటకేమైతదమ్మా" అన్నాను. అన్నానుగానీ, నాకే నమ్మకం లేదు.

"ఏమవుద్దో నాకూ తెలవదు. కానీ ఆ మాట తీసేయాలి. పిలిచిన నోరే వద్దనాలమ్మా. ఆ పిల్లే, ఆ ఫోన్ నుంచే, ఆయనతో చెప్పాలి. మీరు రావద్దండీ అని. అంతే. ఇంకేం వద్దు నాకు."

"దినాలు చేపిచ్చిన అయ్యగారు చెప్పిండా ఇట్ల చెయ్యమని?"

"ఎవరూ చెప్పలా. నాకే తోచింది."

నేను వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. మేనేజరు ముఖం వెలిగింది. "ఇంతేనా? చిన్న విషయం. ఇప్పుడే చెప్పిద్దాం" అని కౌంటర్ వైపు కదిలాడు.

"ఆగు" అన్నాడు సేటు.

అంత గట్టిగా ఆయన అనడం నేను విని చాలా ఏళ్లయింది.

"నా గల్లా ముంగట కూసోని, లక్ష్మీదేవి కింద కూసోని, నా ఫోన్ల, గిరాకిని రావద్దు అని చెప్పాల్నా? నా హోటల్‌కు రావద్దని నా నౌకరే అనాల్నా?"

"సార్, అది వాళ్ల సెంటిమెంటు..."

"మరి నాది? నాకు ఉండదా? మా నాయన ఈ జాగల గల్లా పెట్టిన నాటి నుంచి ఆ కుర్చీలకెళ్లి లేదు అనే మాట రాలే. గదులు నిండినా గూడ 'జర కూసోండ్రి, చూస్తం' అన్నం గని లేదనలే. ఇప్పుడు రావద్దంటమా?"

"పిల్ల సొంత ఫోన్ల చెప్తది సేటు" అన్నాను.

"చెప్పుమను. బయట రోడ్డు మీద నిలవడి చెప్పుమను. నాకు అభ్యంతరం లేదు."

నేను ఆమెకు మళ్లీ ఫోన్ చేసి అడిగాను. "ఆ నంబరు నుంచే మాట వచ్చిందమ్మా. ఆయన ఆ నంబరు చూసుకుని కూర్చున్నాడు" అంది. ఆమే, సేటూ ఇద్దరూ ఒకే మాదిరి నమ్ముతున్నారు. ఒకరిది మూర్ఖత్వమని, ఇంకొకరిది బాధ అని తేల్చి చెప్పడం నావల్ల కాలేదు.

సాయంత్రానికి మేనేజరు ఫ్యాక్టరీవాళ్లతో మాట్లాడాడు. తన పేరు మీద క్షమాపణ రాసి పంపితే చాలన్నారట. పంపేశాడు. గొడవ అక్కడికి ఆగింది. పిల్లను పిలిచి, "నీ ఉద్యోగానికి ఏం ఢోకా లేదు. ఈ విషయం ఇక్కడితో వదిలెయ్యమ్మా" అన్నాడు. సేటు కూడా ఆమె వైపు చూసి తలాడించాడు. "చెప్పినవంటే మాత్రం ఆ కుర్చీల మల్ల కూసోబెట్ట. నీ మీద కోపంతో కాదు బిడ్డా. నా మనసు ఒప్పది."

అంటే ఊరుకుంటే కుర్చీ ఉంటుంది. నోరు తెరిస్తే పోతుంది. అంత తేటగా చెప్పాక ఎవరైనా ఊరుకుంటారు. పిల్ల కూడా ఊరుకుంది, కొన్ని రోజులు. పొద్దున కుర్చీ తుడుచుకుని కూర్చునేది. ఫోన్లు చేసేది. కానీ "మళ్లీ ఎప్పుడు వస్తారు" అనే చోటికి వచ్చేసరికి గొంతు తగ్గేది. ఒక వ్యాపారి "ఏమమ్మా, జ్వరమా?" అని అడగడం నేను విన్నాను.

ఆ తల్లి నాకు మళ్లీ చేసింది. "చెప్పించావా అమ్మా?" అంది. "చూస్తున్నమమ్మా" అన్నాను. "పూటకో ఇడ్లీ ముక్క. అంతకన్నా దిగట్లేదు" అని పెట్టేసింది.

మధ్యాహ్నం వెనక పరుపులు ఆరేసే చోట పిల్ల నా దగ్గరికి వచ్చింది.

"ఏమన్నదవ్వా?"

దాచిపెట్టడం నాకు రాదు. చెప్పాను.

"నేను చెప్తే ఆయన తింటడా?"

"నాకేమెరుక? తినచ్చు. తినకపోవచ్చు."

"నువ్వు నా జాగల ఉంటే ఏం చేస్తవు?"

"నీ జాగల నేనెందుకుంట? నాకా కుర్చీ ఎవరిచ్చిన్రు? నన్ను అడగకు. చెప్పుమని నేననను, చెప్పొద్దని అనను. నీకు అన్న ఉన్నడు, ఇల్లున్నది. రేపు నన్ను తిట్టుకుంటవు."

"మేనేజర్ సారు కంప్యూటర్ చేసింది, నీ తప్పు కాదంటడు." దుప్పటి కొస పట్టుకుని మెలి తిప్పుతోంది. "కంప్యూటర్ నంబరే చూపిచ్చిందవ్వా. పిలిచింది నేను. ఎదురుచూస్తుంటం అన్నది నేను."

ఆ మాట అని లోపలికి పోయింది. నేను వెంట పోలేదు. అప్పుడే చేస్తుందని అనుకోలేదు. దుప్పట్లు మడిచి లోపలికి వచ్చేసరికి ఆమె కౌంటర్‌లో నిలబడి ఉంది. కూర్చోలేదు. ఫోన్ చెవి దగ్గర ఉంది. సేటు పక్కనే భోజనాల హాల్లో తింటున్నాడు. కౌంటర్ ముందు హైదరాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు, భార్యాభర్తలు, సంచులు పట్టుకుని గది కోసం నిలబడి ఉన్నారు.

"బాపూ, నేను జహీరాబాద్ హోటల్ నుంచి మాట్లాడుతున్న. మొన్న ఫోన్ చేసిన పిల్లనే. మొన్న నేను రమ్మన్న. ఆ మాట లేదు బాపూ. మీరు రావద్దు. మీ అల్లుడు రావద్దు, మీ బిడ్డ రావద్దు, మీ ఇంట్లోళ్లు ఎవ్వరు మా దిక్కు రావద్దు. మేం మిమ్ముల పిలుస్తలేం. మీకోసం ఎదురుచూస్తలేం."

హాల్లో పళ్లేల చప్పుడు ఆగిపోయింది. గది కోసం నిలబడ్డ ఆవిడ భర్త చెయ్యి పట్టుకుంది.

అవతల ఏం వినిపించిందో నాకు తెలియదు. పిల్ల వింటూ నిలబడింది. తర్వాత చెప్పింది నాకు. ఆయన "సరేనమ్మా. రాం. మేం రాం" అన్నాడట, పాఠం అప్పజెబుతున్న పిల్లాడిలా. వెనక ఎవరో ఆడమనిషి ఏడుస్తూ ఉందట. ఫోన్ పెట్టేశాక కంప్యూటర్ ఎప్పటిలాగే అడిగింది, ఈ గెస్టు మళ్లీ వస్తారా అని. రారు అని నొక్కి, ఆమె కౌంటర్ బయటికి వచ్చేసింది.

సేటు ఎంగిలి చేత్తోనే వచ్చాడు. అరుస్తాడని అందరం అనుకున్నాం. అరవలేదు. ఆ భార్యాభర్తలకు తానే తాళం ఇచ్చి పైకి పంపాడు. చెయ్యి కడుక్కుని, లక్ష్మీదేవి పటం ముందు కర్పూరం వెలిగించాడు. తర్వాత పిల్లతో, "ఇంటికి పో బిడ్డా" అన్నాడు. ఆయన కళ్లు తడిగానే ఉన్నాయి. అయినా ఆ మాటే అన్నాడు. మేనేజరు వెంటపడ్డాడు, వెనక ఆఫీసులో ఎక్కడో ఒకచోట కూర్చోబెడదాం సార్ అని. "అదే కప్పు కింద కదా" అన్నాడు సేటు.

సాయంత్రం అన్న బండి మీద వచ్చాడు. ఎవరు ఫోన్ చేశారో తెలియదు. దిగలేదు, ఇంజను ఆపకుండా బండి మీదే ఉన్నాడు. నేను బయటికి పోయాను.

"దీని తప్పేం లేదు నాయనా."

"తప్పు లేకుంటే ఎందుకు తీసేసిన్రు అవ్వా?"

చెప్పడం మొదలుపెట్టాను. పిండాలు, ఫోన్, తల్లి, సేటు పటం. చెబుతుంటే నాకే ఎక్కడా పొంతన కుదరలేదు. అతను సగంలోనే చెయ్యి అడ్డం పెట్టాడు. "గిరాకిని రావద్దన్నది. గదే గద?" పిల్ల టిఫిన్ డబ్బా పట్టుకుని వెనక ఎక్కింది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఇప్పుడు కౌంటర్‌లో ఒక మగపిల్లాడు ఉన్నాడు. ఫోన్లు అతను చేయడు. హైదరాబాద్ నుంచి రికార్డు చేసిన గొంతు చేస్తుంది. మేనేజరు కంప్యూటర్‌లో ఇంకో గడి పెట్టించాడు, వీళ్లకు ఫోన్ చేయవద్దు అని. ఎవరి పేరు మీద నొక్కాలో నన్ను అడుగుతారు. మొదటిసారి అలాంటివాళ్ల గురించి నోరు విప్పి చెప్పాల్సి వచ్చినప్పుడు ఎంగిలి ముట్టుకున్నట్టు అనిపించింది. అలవాటైంది. తప్పులూ చేస్తుంటాను. గుండు చేయించుకుని వచ్చిన ఒకాయనను చూసి, తండ్రి పోయాడనుకుని ఆ గడి నొక్కించాను. ఆయన ఝరాసంగం గుడిలో మొక్కు తీర్చుకుని వచ్చాడట. మరోసారి వచ్చినప్పుడు "అందరికీ ఫోన్ చేస్తారు, నాకెందుకు చేయరు?" అని మేనేజరును నిలదీశాడు. చావును చూసి గుర్తుపట్టడం నాకు వచ్చుననుకునేదాన్ని. అంతగా రాదు.

ఆ తల్లి ఒక్కసారే చేసింది మళ్లీ. "ఆయన అన్నం తింటున్నారమ్మా. అల్లుణ్ణి బండి తీయనిస్తున్నారు. ఆ పిల్ల చల్లగా ఉండాలి. మీ హోటల్‌లోనే పెద్ద ఉద్యోగం రావాలి ఆ పిల్లకి" అంది. నోటికి ఏదొస్తే అది అనేస్తానని నాకు పేరు. ఆ రోజు పిల్ల ఉద్యోగం పోయిందని మాత్రం అనలేదు. అంటే ఆ ముద్ద మళ్లీ ఆగుతుంది. "ఆమెకు చెప్తనమ్మా" అన్నాను.

చెప్పాను కూడా. పత్తి ఏరే రోజుల్లో పిల్ల ఫోన్ చేసింది, ఎవరి ఫోన్ నుంచో. పక్కన ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

"అవ్వా, ఆయన తింటున్నడా?"

"తింటున్నడట. నీకు దీవెనార్తులు చెప్పమన్నది ఆమె."

ఏదో నవ్వులాంటిది వినిపించింది. "మా అన్న తాన చెప్పు ఆ దీవెనార్తులు. కౌంటర్ల ఎవరున్నరు?"

"ఒక పొలగాడు. పనికిరాడు. ఫోన్ చూసుకుంట కూసుంటడు."

"సేటు ఏమన్న అంటడా నా గురించి?"

అనడు. ఆ పిల్ల పేరు హోటల్‌లో ఎవరమూ ఎత్తం. ఆ సంగతి ఆమెకు చెప్పేశాను, మెత్తగా చెప్పడం రాక.

"గంతే కదా" అంది. వెనక ఎవరో గట్టిగా పిలిచారు. సంచి ఎత్తాలి అవ్వా, అని ఫోన్ పెట్టేసింది.